రోజూ తిరిగే కారుతో డ్రాగ్ స్ట్రిప్ మీదికి: తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా పనికి తీసుకెళ్లే కారులోనే వారాంతంలో డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే తిన్నటి రేసు ట్రాక్‌కి వెళతాను. నా కారు బాగులేని రోజుల్లో లైన్ దగ్గర సాయానికి నిలబడతాను. అక్కడ కొత్తవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఇవే. వీటిలో కొన్ని నేను ఎవరినీ అడగడానికి మొహమాటపడి, దెబ్బ తిన్నాక నేర్చుకున్నవి.

డ్రాగ్ రేస్‌లో అసలు ఏం జరుగుతుంది?

రెండు కార్లు పక్కపక్క లేన్లలో ఆగి ఉంటాయి. లైటు పడగానే బయలుదేరతాయి. మలుపుల్లేవు, తిన్నగా చివరి గీత దాకా పోవడమే. ఆ దూరం మామూలుగా పావు మైలు, అంటే 1,320 అడుగులు, మీటర్లలో 402. స్థలం చాలని స్ట్రిప్‌లు అందులో సగం, 660 అడుగులు నడుపుతాయి. ఎవరైనా 1,000 అడుగులు అంటే అది నైట్రోమీథేన్‌తో నడిచే ప్రొఫెషనల్ బండ్ల సంగతి. 2008లో ఒక డ్రైవర్ ప్రాణం పోయిన ప్రమాదం తర్వాత అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఆ బండ్లకు దూరం తగ్గించింది. మనకు దానితో పని లేదు.

ఏ మార్పులూ చేయని కారు తెస్తే నవ్వుతారా?

నవ్వరు. మొదటిసారి అలా రావడమే మంచిది. 'టెస్ట్ అండ్ ట్యూన్' అని పెట్టే రోజుల్లో పోటీ ఉండదు, ఎవరి టైమ్ వాళ్లు చూసుకోవడమే. కారు ఉన్నది ఉన్నట్టుగా ఎంతలో పరిగెడుతుందో కాగితం మీద రాసి ఉంటే, రేపు మీరు పెట్టే ప్రతి ఖర్చుకీ ఎంత ఫలితం వచ్చిందో తెలుస్తుంది. ఆ మొదటి కాగితం లేకుండా టర్బో దాకా వెళ్లినవాళ్లని చూశాను. ఎంత మెరుగైందని అడిగితే 'బాగా లాగుతోంది' అంటారు తప్ప అంకె చెప్పలేరు.

రాత్రిపూట ఖాళీ రోడ్డు ఉండగా స్ట్రిప్ దాకా ఎందుకు?

రోడ్డు ఖాళీ అని మీరు అనుకుంటారు, అడ్డంగా వచ్చేవాడికి ఆ సంగతి తెలియదు. ఈ ఆట స్ట్రిప్ మీదికి వచ్చిందే అందుకు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో కుర్రాళ్లు వీధుల్లో పందేలు వేసుకుంటుంటే, వాళ్లను అక్కడి నుంచి తప్పించాలని పెద్దవాళ్లు విమానాల రన్‌వేలు వెతికారు. 1950లో శాంటా ఆనాలో ఒక విమానాశ్రయం రన్‌వే మీద టికెట్ పెట్టి రేసులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏని స్థాపించాడు. గోడలు, అంబులెన్స్, మంటలార్పే మనుషులు, జిగురుగా తయారు చేసిన ట్రాక్, ఇవేవీ రోడ్డు మీద ఉండవు. పైగా రోడ్డు మీద గెలిచినవాడి దగ్గర కబుర్లుంటాయి గానీ స్లిప్ (పరుగు అంకెలు అచ్చయి వచ్చే కాగితం) ఉండదు.

టెక్ ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారు?

ఇది పరుగుకి ముందు కారుకి చేసే తనిఖీ. కారు విడిపోకుండా ఉంటుందా, ట్రాక్ మీద ఏమీ కార్చకుండా ఉంటుందా అని చూస్తారు. బ్యాటరీ సరిగ్గా బిగించి ఉందా (వైర్లతో కట్టినా, తాడుతో కట్టినా ఒప్పుకోరు), చక్రాల నట్లు అన్నీ ఉన్నాయా, టైర్ల దారాలు బయటపడ్డాయా, సీటు బెల్టు పట్టుకుంటోందా, ఆయిల్, పెట్రోల్ చెమ్మ ఎక్కడైనా ఉందా, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందా. రేడియేటర్ పొంగితే ఆ నీళ్లు పట్టే డబ్బా ఉండాలి. కూలెంట్ విషయంలో చాలా స్ట్రిప్‌లు కచ్చితంగా ఉంటాయి, ఎందుకంటే యాంటీఫ్రీజ్ ట్రాక్ మీద పడితే నూనె పోసినట్టే, తుడిచినా ఓ పట్టాన పోదు.

కారులో వదులుగా ఉన్న సామాన్లన్నీ ఇంట్లోనే దించి రండి. నేను మొదటిసారి బ్రేకు వేసినప్పుడు సీటు కింద నుంచి నీళ్ల సీసా ఒకటి పెడల్స్ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. పెడల్ కింద ఇరుక్కోలేదు కాబట్టి సరిపోయింది.

హెల్మెట్, రోల్ బార్ ఎప్పుడు తప్పనిసరి?

చాలా స్ట్రిప్‌లు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాలనే ఆధారం చేసుకుంటాయి. దాని ప్రకారం పావు మైలు 13.99 సెకన్లలో గానీ అంతకంటే తక్కువలో గానీ పరిగెత్తే కారుకి హెల్మెట్ ఉండాలి. 11.49 దగ్గర రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) అడుగుతారు. 9.99కి దిగినా, గంటకు 135 మైళ్లు దాటినా ఆ పోటీలకు ప్రత్యేకమైన లైసెన్సు కావాలి. కొత్త మోడల్ ఫ్యాక్టరీ కార్లకు కొంత సడలింపు ఉంది. మీ స్ట్రిప్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, ముందే కనుక్కోండి.

హెల్మెట్ వెనకాల లోపలి స్టిక్కర్ చూడండి. స్నెల్ సంస్థ ముద్రలో 'ఎస్ఏ' ఉంటే కార్ల కోసం, 'ఎమ్' ఉంటే మోటార్‌సైకిళ్ల కోసం. ఎస్ఏ హెల్మెట్‌కి మంటలను తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది. నిదానమైన తరగతుల్లో ఎమ్ ఒప్పుకుంటారు గానీ, కొత్తగా కొంటుంటే ఎస్ఏనే కొనండి. టైమ్ 14.2 వచ్చినా హెల్మెట్ పెట్టుకోమంటాను, గోడకి మీ టైమ్‌తో పని లేదు.

మొదటి పరుగులో ఏమేం చేయాలో ఒక్కొక్కటిగా చెప్పండి.

వరసలో నిలబడినప్పుడే ఏసీ ఆపేయండి. దాని నుంచి కారే నీళ్లు సరిగ్గా స్టార్టింగ్ లైన్ మీద పడతాయి, వెనక వచ్చేవాడు జారతాడు. అద్దాలు ఎత్తి, బెల్టు పెట్టుకోండి.

పిలవగానే ముందుకు వెళితే నీళ్లు పోసిన చోటు ఒకటి వస్తుంది, దాన్ని వాటర్ బాక్స్ అంటారు. మామూలు రోడ్డు టైర్లైతే దాన్ని పక్క నుంచి దాటేయండి. టైరు గాడుల్లో పట్టిన నీళ్లు లైన్ దాకా వస్తాయి. నేను మొదటి రాత్రి ఠీవిగా అందులోకి దిగాను. కార్లను లైన్ మీద నుంచి పంపే అధికారి (స్టార్టర్) తల పట్టుకోవడం అద్దంలో కనిపించింది.

అది దాటాక ఎదురుగా లైట్ల స్తంభం. 1963 నుంచి దాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటున్నారు, అంతకుముందు జెండా ఊపే మనిషి ఉండేవాడు. పైన చిన్న లైట్లు రెండు వరసలు. లైన్ దగ్గర ట్రాక్‌కి అడ్డంగా కాంతి కిరణాలు ఉంటాయి, ముందు చక్రం మొదటి కిరణాన్ని అడ్డుకుంటే 'ప్రీ-స్టేజ్' వెలుగుతుంది. ఇంకో ఏడు అంగుళాలు పాకితే 'స్టేజ్'. అంగుళం అంగుళంగా పాకాలి, ఎగిరి పడితే కిరణం దాటిపోతారు. రెండూ వెలగగానే ఆగి, ఇక పసుపు లైట్లు మాత్రమే చూడండి.

రేసు అయ్యాక మెల్లగా బ్రేకు వేయండి, పక్క కారు ముందుకి అడ్డంగా పోకండి. బయటికి తిరిగే దారి ఎటువైపు ఉందో ముందే చూసి పెట్టుకోండి. దూరపు లేన్‌లో ఉన్నవాళ్లు ఆగి, దగ్గరి లేన్ కారుని ముందు తిరగనివ్వడం చాలాచోట్ల పద్ధతి.

పచ్చ లైటు పడగానే కదిలాను, అయినా ఆలస్యమే అన్నారు. ఎందుకు?

పచ్చ చూసి కదిలారు కాబట్టే. మామూలు ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, మరో అర సెకనుకి పచ్చ వస్తుంది. మీ కన్ను చూసి, కాలు కదిలి, చక్రం కిరణం నుంచి బయటపడేసరికి ఆ అర సెకను కాస్తా అయిపోతుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు చివరి పసుపు వెలగడం మొదలవగానే వదిలేస్తారు. ప్రొఫెషనల్ ట్రీలో మూడూ ఒకేసారి వెలిగి 0.4 సెకనుకే పచ్చ పడుతుంది.

పచ్చ పడినప్పటి నుంచి మీ చక్రం కిరణం వదిలేదాకా పట్టే సమయమే రియాక్షన్. సరిగ్గా కుదిరితే అది 0.000. అంతకంటే వెయ్యోవంతు ముందు కదిలినా ఎర్ర లైటే, రేసు పోయినట్టే. మొదట్లో 0.3, 0.4 వస్తే సిగ్గుపడక్కర్లేదు.

నా టైమ్ తక్కువ వచ్చింది, కానీ అవతలివాడు గెలిచాడు. యంత్రం తప్పా?

తప్పు కాదు. పరుగు గడియారం పచ్చ లైటుతో మొదలవదు, మీ చక్రం కిరణం దాటినప్పుడు మొదలవుతుంది. లైన్ మీద అర నిమిషం నిద్రపోయి లేచి వెళ్లినా మీ ఇ.టి. (ఎలాప్స్‌డ్ టైమ్, అంటే పరుగు సమయం) అంతే ఉంటుంది. గెలుపు మాత్రం చివరి గీత ముందు ఎవరు దాటారన్నదే.

నేనిలా ఓడిపోయాను: నా రియాక్షన్ 0.35, పరుగు 13.40, మొత్తం 13.75. అవతలి మనిషి రియాక్షన్ 0.08, పరుగు 13.60, మొత్తం 13.68. ఏడు వందోవంతులు. వినడానికి ఏమీ లేదు గానీ గంటకి 100 మైళ్ల వేగంలో అది పది అడుగుల దూరం. దీన్నే హోల్‌షాట్ అంటారు. రెండు వందోవంతుల కోసం ఇంజన్ మీద నెలల తరబడి కష్టపడే మనం, కాలు మీద పావుగంట సాధన చేయం.

స్లిప్ మీద అన్ని అంకెలుంటాయి. ఏది చూడాలి?

అందరూ చివరి వరస చూస్తారు. ముందు చూడాల్సింది 60 అడుగుల టైమ్.

ఒక ఉదాహరణ రాస్తాను. 60 అడుగులు 2.05, 330 అడుగులు 5.75, 660 అడుగులు 8.70 (గంటకు 82 మైళ్లు), 1,000 అడుగులు 11.30, చివరికి 13.45 (103 మైళ్లు). ఇందులో చివరి వేగం మీ ఇంజన్ బలం చెబుతుంది. అది గీత దగ్గర ఒక్క క్షణంలో కొలిచేది కాదు, ఆఖరి 66 అడుగుల సగటు. టైర్లు మొదట్లో కాస్త తిరిగినా ఈ అంకె పెద్దగా మారదు. 60 అడుగుల టైమ్ దీనికి పూర్తిగా వేరు, అది టైర్లూ సస్పెన్షనూ కాలూ కలిసి రాసిన అంకె. అక్కడ పదోవంతు సెకను మిగిల్తే చివరికి పదోవంతున్నర దాకా మిగులుతుంది, ఎందుకంటే ముందే అందుకున్న వేగం దారి పొడుగునా కలిసొస్తుంది.

కాబట్టి వేగం 103 అలాగే ఉండి టైమ్ 14.2 వస్తే, ఇంజన్ విప్పకండి, తేడా లాంచ్‌లో, అంటే లైన్ నుంచి బయలుదేరిన తీరులో ఉంది. టైమ్ పెరిగి వేగం కూడా 98కి పడిపోతే అప్పుడు బానెట్ ఎత్తండి. 660 దాకా అన్నీ మామూలుగా ఉండి ఆ తర్వాత మాత్రమే నెమ్మదిస్తే గేరు మార్చిన తీరు, ఇంధనం సరఫరా, ఇంజన్ వేడి, ఈ మూడూ అనుమానించాలి. నేను ఫ్యూయల్ పంప్ పోతోందని పట్టుకున్నది ఇలాగే, మెకానిక్ దగ్గరికి వెళ్లడానికి రెండు వారాల ముందు.

స్లిప్ వెనకాల టైరు గాలి, ఎండ, ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర వదిలారో రాసి పెట్టుకోండి. నాలుగు నెలల తర్వాత గుర్తుంటుందని అనుకోవద్దు.

నా కారు ఎంతలో పోవాలో ముందే లెక్క కట్టొచ్చా?

పాతకాలం నుంచి ఒక సూత్రం ఉంది. డ్రైవర్‌తో కలిపి కారు బరువును పౌండ్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించండి, దాని ఘనమూలాన్ని 5.825తో గుణించండి. 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలు, 300 హార్స్‌పవర్ అయితే 13.2 సెకన్లు వస్తుంది. 234ని అదే ఘనమూలంతో భాగిస్తే చివరి వేగం, ఇక్కడ 103 మైళ్లు. టైమ్ లెక్క లాంచ్ బాగా కుదిరితేనే నిజమవుతుంది. వేగం లెక్క మాత్రం ఆశ్చర్యంగా దగ్గరికొస్తుంది. డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) కాగితం చూపించి 400 హార్స్‌పవర్ అనేవాళ్లు, స్లిప్ మీద 100 మైళ్లే కనిపించేసరికి మాట మార్చడం చూడటం నాకిష్టమైన వినోదం.

మొదట ఏ పార్టు మార్చాలి?

టైర్లు.

ఇంటేక్, ఎగ్జాస్ట్, ఇసియు (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూన్ అన్నీ తర్వాత. నేలకి అందని బలం పొగగా పోతుంది. డ్రాగ్ రేడియల్స్ అనే జిగురు టైర్లు రోడ్డు మీదా నడపగలిగేవి, కానీ వాన పడితే వాటితో భయమే. గాడులు లేని స్లిక్‌లు స్ట్రిప్‌కే. డ్రాగ్ రేడియల్స్‌లో గాలి 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, ఒక్కో పరుగుకి ఒక పీఎస్ఐ మారుస్తూ 60 అడుగుల టైమ్ చూడండి. మామూలు రోడ్డు టైర్లలో గాలి మరీ తీసేస్తే నడుమ భాగం లోపలికి పోయి అంచులే నేలకి ఆనతాయి, పట్టు తగ్గుతుంది కూడా.

తర్వాత బరువు. స్పేర్ టైరు, జాకీ, వెనక సీటు దించడానికి డబ్బు ఖర్చు కాదు. ఆ తర్వాతే ఇంజన్.

ఒక హెచ్చరిక. పట్టు పెరిగితే అంతవరకు టైరు జారి తప్పించుకున్న దెబ్బ యాక్సిల్, క్లచ్, గేర్‌బాక్స్ మీద పడుతుంది. జిగురు టైర్లు వేసిన మూడో పరుగులో నా యాక్సిల్ తుపాకీ పేలినట్టు విరిగింది. కారు ట్రైలర్ ఎక్కింది, నేను స్నేహితుడి కారులో ఇంటికొచ్చాను.

బర్నవుట్ చేయకపోతే కుదరదా?

బర్నవుట్ అంటే కారు కదలకుండా చక్రాలను గిరగిరా తిప్పడం. స్లిక్‌లు, డ్రాగ్ రేడియల్స్ అయితే చేయాలి. తడి చేసి తిప్పితే టైరు పై పొర శుభ్రపడి, వేడెక్కి, అంటుకునేలా అవుతుంది. మామూలు టైర్లకి పొడి నేల మీద చిన్నగా ఒకసారి తిప్పితే రాళ్లు, మట్టి రాలిపోతాయి, అది చాలు. పొగ ఎక్కువ వస్తే ఫోటోలు బాగా వస్తాయి, అంతకు మించి లాభం లేదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో హ్యాండ్‌బ్రేక్ వేసి తిప్పుతారు. ఆల్ వీల్ డ్రైవ్‌లో వద్దు, డ్రైవ్‌ట్రెయిన్ నలిగిపోతుంది.

నైట్రస్ పెడితే ఇంజన్ పేలిపోతుందా?

నైట్రస్ ఆక్సైడ్ మండదు. ఇంజన్ లోపలి వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ 23 శాతం ఉంటే నైట్రస్‌లో 36 శాతం. ఎక్కువ ఆక్సిజన్ ఉంటే ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు, బలం అక్కడి నుంచి వస్తుంది. ఇంజన్లు పోయేది ఆ ఎక్కువ ఇంధనం అందనప్పుడు, లేదా స్పార్క్ టైమింగ్ తగ్గించనప్పుడు. పంప్ బలహీనంగా ఉన్నా, తక్కువ ఆర్‌పీఎమ్‌లో బటన్ నొక్కినా పిస్టన్‌కి చిల్లు పడుతుంది. చిన్న జెట్‌తో (నైట్రస్ ఎంత పోవాలో నిర్ణయించే రంధ్రం) మొదలుపెట్టండి. నైట్రస్ నింపిన సిలిండర్‌లో ఒత్తిడి 900 నుంచి 1,000 పీఎస్ఐ దగ్గర ఉండాలి. వేడి చేయడానికి దానికోసం తయారైన హీటరే వాడాలి. మంట పెట్టి వేడి చేసేవాడు కనిపిస్తే దూరంగా పోయి, అధికారులకు చెప్పండి.

బ్రాకెట్ రేసింగ్‌లో 14 సెకన్ల కారు 11 సెకన్ల కారుని ఎలా గెలుస్తుంది?

నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చేది ఇదే. డబ్బున్నవాడే గెలవాలన్న రూలు ఇక్కడ చెల్లదు. మీ కారు ఎంతలో పోతుందో మీరే ముందు అద్దం మీద రాస్తారు, అది డయల్-ఇన్. మీరు 13.50, అవతలివాడు 11.20 రాస్తే మీ లైట్లు 2.30 సెకన్లు ముందు పడతాయి. ఇద్దరూ రాసినట్టే పరిగెత్తి, రియాక్షన్ సమానంగా ఉంటే చివర్లో ఇద్దరూ ఒకేసారి చేరాలి.

అలాగని నెమ్మదైన టైమ్ రాసి మోసం చేయడం కుదరదు. రాసినదానికంటే వేగంగా పోతే బ్రేకవుట్, ఓడినట్టే. ఇద్దరూ బ్రేకవుట్ అయితే తక్కువ తేడాతో అయినవాడు గెలుస్తాడు. ఒకరు ఎర్ర లైటు, ఇంకొకరు బ్రేకవుట్ అయితే ఎర్ర లైటువాడు ఓడతాడు. మధ్య గీత దాటడం అన్నిటికంటే పెద్ద తప్పు.

అందుకే ఇక్కడ వేగం కంటే నిలకడ కావాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, పెద్దగా మార్పుల్లేని ఇంజన్ ఉన్న పాత సెడాన్‌లు రాత్రంతా వందోవంతు తేడా లేకుండా పరిగెత్తి, మెరిసిపోయే టర్బో కార్లను ఇంటికి పంపడం చాలాసార్లు చూశాను.

మధ్యాహ్నం కంటే రాత్రి టైమ్ బాగా వచ్చింది. కారు సర్దుకుందా?

కారు కాదు, గాలి. చల్లటి, పొడి గాలి చిక్కగా ఉంటుంది, అదే సిలిండర్‌లో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది. ఎండ, ఉక్కపోత, ఎత్తైన ప్రదేశం మూడూ టైమ్ పెంచేవే. టర్బో లేని కార్లకి ఈ దెబ్బ ఎక్కువ. బ్రాకెట్‌లో ఉన్నప్పుడు చీకటి పడ్డాక డయల్-ఇన్ మార్చడం మర్చిపోతే బ్రేకవుట్ ఖాయం.

ఎలక్ట్రిక్ కారు తేవచ్చా?

చాలాచోట్ల తేవచ్చు. 60 అడుగుల్లో వాటిని అందుకోవడం కష్టం. కానీ చార్జ్ తగ్గేకొద్దీ, బ్యాటరీ వేడెక్కేకొద్దీ టైమ్ మారుతుంది. ఇంకో సంగతి, షోరూం నుంచి వచ్చినట్టే ఉన్నా కొన్ని రోల్ బార్ అడిగే టైమ్‌లోకి దిగిపోతాయి, మొదటి పరుగుకే ఆపేస్తారు.

పరుగు మధ్యలో ఏదైనా విరిగితే?

యాక్సిలరేటర్ వదిలేసి, మీ లేన్‌లోనే గోడ వైపు జరిగి ఆగండి. ఆయిల్ కారుతోందని అనుమానం వస్తే ఎలాగోలా చివరిదాకా లాగేద్దాం అనుకోకండి. పదడుగుల మరక అయితే పావుగంటలో శుభ్రం చేస్తారు, 1,000 అడుగుల మరకకి ఆ రాత్రి అందరి రేసూ పోతుంది. మంట లేకపోతే మనుషులు వచ్చేదాకా బెల్టు తీయకుండా కూర్చోండి.

ఇంటికి బయలుదేరే ముందు ఏం చూసుకోవాలి?

టైర్లలో తీసేసిన గాలి మళ్లీ కొట్టండి. చక్రాల నట్లు రెంచ్‌తో మరోసారి బిగించండి. ఆయిల్, నీళ్లు చూసి, కారు కింద టార్చి వేసి ఏమైనా కారుతోందేమో చూడండి. స్పేర్ టైరు దించి పిట్‌లో పెట్టి ఉంటే అది కూడా ఎక్కించుకోండి, నేను రెండుసార్లు వదిలేసి వెళ్లాను.